పార్థెనాన్ గుడా, ఖజానా కొట్టా? ఇక్కడ తేల్చుకుందాం

చిత్రావతి_శ్రీను:
నిన్న ఇంకో చర్చలో ఎవరో పార్థెనాన్‌ని "ఏథెన్స్‌లోని పెద్ద గుడి" అన్నారు. నేను అడ్డం పడ్డాను. అక్కడ అసలు విషయం పక్కకి పోతోందని వేరే చర్చ పెట్టుకోమన్నారు, పెట్టాను.

గుడి అన్నాక పూజ జరగాలి కదా. ఎథీనా దేవికి పూజ జరగలేదని నేననను. జరిగింది, కానీ ఈ కట్టడంలో కాదు. ఆ ఊరివాళ్ళు తరతరాలుగా మొక్కింది ఆలివ్ కర్ర విగ్రహానికి. ఆకాశం నుంచి ఊడిపడిందని చెప్పుకునేవారట, పౌసానియస్ అనే పాతకాలపు గ్రీకు యాత్రికుడు రాశాడు. అది ఉండేది పార్థెనాన్ ఉన్న అక్రోపొలిస్ కొండమీదే కానీ ఉత్తరం పక్కన, తరవాత ఎరెక్థియోన్ అనే ఇంకో గుడి లేచిన చోట. ఎథీనా పేర జరిగే పనథెనాయ పండగకి ఆడపిల్లలు నేసిన వస్త్రం ఆ విగ్రహానికే. బలిపీఠం అటువైపే. పూజారిణి కూడా ఆ దేవతకే. పార్థెనాన్‌లోని విగ్రహానికంటూ పూజారిణి ఉన్న ఆధారం కనబడదు.

ఇక డబ్బు సంగతి. పారసీకుల మీద పోరుకి ఏథెన్స్, దాని మిత్రరాజ్యాలు కలిసి పోగుచేసి డెలోస్ దీవిలో పెట్టిన కూటమి నిధి క్రీ.పూ. 454లో ఏథెన్స్ చేరింది. 447లో పార్థెనాన్ పని మొదలు. ఇది కాకతాళీయమా? లోపల ఫిడియస్ అనే శిల్పి చేసిన ఎథీనా విగ్రహం మీద 40 టాలెంట్ల బంగారం. టాలెంట్ సుమారు 26 కిలోలు, అంటే టన్ను పైమాటే. పైగా ఊడదీసుకోవడానికి వీలుగా తొడిగారు. స్పార్టాతో యుద్ధం ముంచుకొస్తుంటే ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ సభలో లేచి మనకున్న ఆస్తుల లెక్కలో దాన్ని కూడా చదివాడు. దేవుడి నగలని రక్షణ ఖర్చు పద్దులో చదివితే దాన్ని గుడి అంటారా, ఖజానా అంటారా?

గోదారి_గట్టు:
అంటే కర్రది మూలవిరాట్టు, బంగారంది ఉత్సవ విగ్రహం అన్నమాట. ఇందులో గొడవేముంది తమ్ముడూ?

రాతిపని:
నేను సివిల్ ఇంజనీరుని, చరిత్ర నాకు అరకొరే. కానీ ఖజానా కొట్టుకి ఇంత చాకిరీ ఎవడు చేస్తాడు?

స్తంభాలు నిలబడ్డ అరుగు పొడవు 69.5 మీటర్లు, వెడల్పు 30.9. చూడ్డానికి చదునుగా ఉంటుంది, కానీ కాదు. మధ్యలో ఉబ్బుతుంది: పొట్టి వైపు సుమారు 6 సెంటీమీటర్లు, పొడుగు వైపు దాదాపు 11. అరుగు వంగితే దానిమీది స్తంభం అడుగు కూడా ఆ వంపుకి తగ్గట్టు చెక్కాలి. పైదూలాలు మళ్ళీ అదే వంపులో పోవాలి. బయటి వరస స్తంభాలు 46, అన్నీ కాస్త లోపలికి వాలి ఉంటాయి. మూల స్తంభాలు మిగతావాటికంటే కొంచెం లావు, వాటి పక్క సందు కొంచెం ఇరుకు. ఇంకా స్తంభం నడుమ సన్నటి ఉబ్బు ఒకటి. అంటే ఏ రాయినీ అచ్చు పోసి పక్కదాని బదులు పెట్టలేం. పెంటెలి కొండ నుంచి పదహారు పదిహేడు కిలోమీటర్లు బళ్ళమీద తెచ్చిన పాలరాయి, ఒక్కోటీ తన చోటుకే సరిపోయేలా చెక్కినది. మా సైటులో స్లాబు వాలు ఒక సెంటీమీటరు తేడా వస్తేనే మేస్త్రీతో రోజంతా గొడవ.

వాస్తుశిల్పులు ఇక్టినస్, కల్లిక్రటీస్ ఇద్దరూ దీన్ని డబ్బు దాచుకోవడానికి కట్టారంటే నాకు నమ్మబుద్ధి కాదు.

గోదారి_గట్టు:
గోల్డెన్ రేషియోలో, అదే 1.618 లెక్కలో కట్టారటగా, అందుకే అంత అందం.

రాతిపని:
అన్నా, అది వాట్సాప్ లెక్క. 69.5ని 30.9తో భాగించండి. 2.25 వస్తుంది, అంటే 9కి 4. ముందువైపు వెడల్పుకీ ఎత్తుకీ అదే 9కి 4. స్తంభాల మధ్య దూరానికీ స్తంభం అడుగు వ్యాసానికీ కూడా అదే. వాళ్ళు పట్టుకున్న లెక్క అది. 1.618 ఇందులో ఎక్కడా లేదు.

చిత్రావతి_శ్రీను:
రాతిపని గారూ, పనితనం గురించి మీతో నాకు పేచీ లేదు. కానీ పనితనం ఉంటే గుడే అయిపోతుందా? ఊరి దర్జా చాటడానికీ కడతారు. మిత్రరాజ్యాలు యుద్ధం కోసం ఇచ్చిన డబ్బుతో ఊరిని డాబుసరి ఆడదానిలా ముస్తాబు చేస్తున్నావని పెరిక్లీస్‌ని తిట్టినవాళ్ళు ఉన్నారు. పెరిక్లీస్ జీవితచరిత్రలో ప్లూటార్క్ రాశాడు. ఆ తిట్టిన వాళ్ళకి అది భక్తిలా కనబడలేదు మరి.

లెక్చరర్_అరుణ:
శ్రీనూ, నువ్వు చెప్పిన విషయాలు చాలావరకు సరైనవే. తప్పు మొదటి వాక్యంలో ఉంది. "గుడి అన్నాక పూజ జరగాలి" అన్నావు చూడు, అది మన గుడి. గ్రీకుల "నావోస్" అంటే నివాసం, దేవత ఉండే ఇల్లు. పూజ ఆరుబయట, బలిపీఠం దగ్గర. జనం లోపల గుమికూడి దర్శనం చేసుకునే పద్ధతి కాదు. పండగ రోజు ఎద్దుల్ని బలిచ్చి మాంసం ఊరంతా పంచుకునేవారు, అదంతా బయటి వ్యవహారమే. కాబట్టి లోపల హారతి లేదనే కారణంతో గుడి కాదనడం కుదరదు.

గోదారి గారూ, ఉత్సవ విగ్రహం ఊరేగాలి. ఈవిడ దాదాపు 12 మీటర్లు, కదిలితే కప్పు ఎగిరిపోతుంది. మీ పోలిక అక్కడితో సరి.

డబ్బు మాటకొస్తాను. ఖజానా, గుడి అని రెండు విడి డబ్బాలు పెట్టుకున్నది మనం, వాళ్ళు కాదు. స్పార్టాతో జరిగిన ఆ పెలొపొనీసియన్ యుద్ధంలో ఏథెన్స్ ఎథీనా నిధి నుంచి డబ్బు తీసుకుంది. ఎలా తీసుకుంది? అప్పుగా. అసలెంతో, వడ్డీ ఎంతో రాతిమీద చెక్కించి పెట్టారు, ఆ రాళ్ళ ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. సొంత ఖజానాలో సొమ్ముకి ఎవరైనా వడ్డీ లెక్క రాసుకుంటారా? నువ్వు చెప్పిన పెరిక్లీస్ ప్రసంగమే తీసుకో. ఆ కాలపు చరిత్రకారుడు థుసిడిడీస్ రాసిన దాంట్లో దాని తరవాతి ముక్క నువ్వు వదిలేశావు: వాడుకుంటే అంతకు తగ్గకుండా తిరిగి పెట్టాలి అంటాడు. యుద్ధం చివర్లో డబ్బుకి కటకటలాడి బంగారు విజయదేవతల విగ్రహాలు కరిగించి నాణేలు కొట్టారు. ఎథీనా ఒంటిమీది బంగారాన్ని మాత్రం ముట్టలేదు. దాన్ని ఊడదీసింది వందేళ్ళు దాటాక లకారీస్ అనే నియంత.

నాష్‌విల్_బాబాయ్:
అమెరికాలో మేం ఉండే నాష్‌విల్‌లోనే దీని నకలు ఉంది. 1897 ఉత్సవాలకి కట్టి, తరవాత 1920లలో కాంక్రీటుతో మళ్ళీ కట్టారు. లోపల ఎథీనా 1990లో వచ్చింది, బంగారు పూత 2002లో. ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్తాం. కిందటేడు మా అత్తగారు లోపలికి అడుగుపెట్టగానే చెప్పులు ఎక్కడ విప్పాలని అడిగారు. కాంక్రీటు నకలే, అయినా ఆవిడకి ఆ భావం కలిగింది. ఇది వాదన కాదులెండి, చెప్పాలనిపించింది.

ఒక సందేహం. అసలు దాంట్లో విగ్రహం ముందు నీళ్ళ మడుగు ఉండేదంటారు. దేనికి?

లెక్చరర్_అరుణ:
దేవత ముఖం, చేతులు ఏనుగు దంతం. ఆ కొండమీద గాలి పొడి, దంతం బీటలు వారుతుంది. దానికి తేమ కోసం నీళ్ళు. ఒలింపియాలో జ్యూస్ విగ్రహానికి చెమ్మ బెడద, అక్కడ నూనె వాడేవారు. ఇదీ పౌసానియస్ చెప్పిందే. ఇంకొకటి, తూర్పు తలుపుకి అటూ ఇటూ రెండు కిటికీలు ఉండేవని పునరుద్ధరణ పనిలో తేలింది. లోపలికి వెలుగు రావాలని పెట్టినవి. ఖజానాకి కిటికీలు ఎందుకయ్యా శ్రీనూ?

చిత్రావతి_శ్రీను:
మేడమ్, వడ్డీ మాట మీకు వదిలేశా, గట్టి దెబ్బ. కానీ కొట్టు అనుకున్నది నేనొక్కణ్ణే కాదు. వెయ్యేళ్ళకు దగ్గరగా చర్చి, ఆ తరవాత మసీదు. చివరికి తురుష్కులు అందులో మందుగుండు దాచారు. 1687 సెప్టెంబరు 26న వెనిస్ సేనాని మొరొసీని సైన్యం వేసిన గుండు తగిలి నడిమి భాగమంతా లేచిపోయింది. గోదాముగా వాడబట్టే ఆ గతి పట్టింది.

రాతిపని:
రెండో దెబ్బ మా ఇంజనీర్లదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బలానోస్ అనే ఇంజనీరు పడిపోయిన స్తంభాలు లేపి రాళ్ళని ఇనప పట్టీలతో కలిపాడు. పాతకాలం మేస్త్రీలూ ఇనుమే వాడారు, కానీ చుట్టూ సీసం పోశారు. ఈయన పోయలేదు. తుప్పు పట్టి ఇనుము ఉబ్బి పాలరాయిని లోపలినుంచి చీల్చింది. 1975 నుంచి ఒక సంఘం పని చూస్తోంది, ఆ పట్టీలు తీసి టైటానియంవి పెడుతున్నారు.

లెక్చరర్_అరుణ:
ఆ పనిలోనే కొర్రెస్ అనే వాస్తుశిల్పి ఇంకొకటి పట్టుకున్నాడు. ఉత్తరపు స్తంభాల వరస లోపల ఒక చిన్న గుడి, బలిపీఠం ఆనవాళ్ళు. పార్థెనాన్ కంటే ముందే అక్కడ ఉన్న పూజాస్థలాన్ని తీసెయ్యకుండా కొత్త కట్టడంలోకి కలుపుకున్నారు. దీనికేమంటావు?

చిత్రావతి_శ్రీను:
దానికి నా దగ్గర జవాబు లేదు మేడమ్, ఒప్పేసుకుంటున్నా.

కానీ మొత్తం వదలను. కోశాధికారులు ఏటా చెక్కించిన జాబితాల్లో "పార్థెనాన్" అన్నది కట్టడం మొత్తానికి కాదు, ఒక గదికి. అది పడమటి గదేనని ఎక్కువమంది అంటారు. ఆ పేరు కింద ఏమున్నాయో చూడండి: పారసీక కత్తులు, కియోస్ మంచాలు, మిలేటస్ మంచాలు, వాద్యాలు. విగ్రహం ఉన్న తూర్పు గది గుడి, మీకు రాసిచ్చేశా. మంచాలున్న వెనక గది ఖజానా, అది నాది. అసలు పేరు కూడా నా గదిదే.

గోదారి_గట్టు:
అన్నదమ్ముల పంపకంలా ఉంది. మధ్య గోడ ఉమ్మడా? తలుపు తాళం ఎవరి దగ్గర?

రాతిపని:
ఆ గోడకి తలుపే లేదన్నా. పడమటి గదికి పడమటి వైపు నుంచే దారి. గోడ కొట్టి రెండు గదుల్నీ కలిపింది చర్చి చేసినప్పుడు.