బాపుకు లివర్ క్యాన్సర్, ఆపరేషన్ కుదరదన్నారు. టేస్ (TACE, గడ్డకు పోయే రక్తనాళంలోకే కీమో మందు పంపే చికిత్స) చేయించిన వాళ్లున్నారా?

మాది పరకాల దగ్గర పల్లె. బాపుకు 58 ఏళ్లు, పత్తి రైతు. తాగుడు లేదు, కల్లు కూడా పండుగకే. హెపటైటిస్ బీ ఎప్పటి నుంచో లోపల ఉందట, లివర్ గట్టిపడ్డాకే బయటపడింది. సీటీలో రెండు గడ్డలు, ఒకటి 4.2 సెంటీమీటర్లు, ఒకటి 2. కోసి తీస్తే మిగిలే లివర్ సరిపోదని హైదరాబాద్‌లో చెప్పారు. టేస్ చేద్దామంటున్నారు. కీమో అనగానే అమ్మ ఏడుపు. పక్కింటాయన పది రోజులు నేల ఉసిరి రసం తాగించాడు, డాక్టర్ నన్ను తిట్టాడు. బాపు అడిగింది ఒక్కటే: "పత్తి ఏరేదాక ఆగరాదా?" ఏం చెప్పాలె?

హన్మకొండ అక్క:
తమ్మీ, మా అమ్మకు రెండుసార్లు చేశారు. గజ్జల్లోంచి సన్నని గొట్టం పంపి, గడ్డకు రక్తం తెచ్చే నాళంలోనే మందు వదిలి, ఆ దారి మూసేస్తారు. గడ్డ బతికేది ఎక్కువగా ధమని రక్తం మీద, మంచి లివర్‌కు ఎక్కువ రక్తం పోర్టల్ సిర (పేగుల నుంచి లివర్‌కు వచ్చే పెద్ద నాళం) నుంచి వస్తుంది. కిటుకంతా అదే. అమ్మకు జుట్టు ఊడలేదు. నాలుగు రోజులు జ్వరం, కుడి పక్క నొప్పి, వాంతులు. జావ తప్ప ఏదీ మింగలేదు. నెల దాటాక మళ్లీ సీటీ తీశారు. ఆ ఫిల్మ్ కవరు పాత చీరలో చుట్టుకుని కాజీపేటలో రైలెక్కేదాన్ని, వానకు తడుస్తుందని. పత్తికి కూలీలు దొరుకుతారు, ఆగకండి.

స్టాఫ్ నర్స్, వరంగల్:
పోర్టల్ సిరలో అడ్డు ఉందా, కామెర్లు ఎంత, పొట్టలో నీరుందా? ఈ మూడూ అడగండి. గడ్డ సైజు కంటే లివర్ ఓపికే ఎక్కువ లెక్క. లివర్ మార్పిడికి మామూలుగా చూసే కొలత మిలాన్ లెక్క: ఒకటే అయితే 5 సెంటీమీటర్ల లోపు, రెండు మూడైతే ఒక్కోటి 3 లోపు. మీ నాన్నగారిది దాటింది కానీ టేస్‌తో తగ్గితే మళ్లీ చూడవచ్చు. తర్వాత ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే మందు) సెలైన్లు అంటే, బెవాసిజుమాబ్ (గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగనివ్వని మందు) కలిపి ఇచ్చేముందు ఎండోస్కోపీ తప్పనిసరి, అన్నవాహికలో ఉబ్బిన నాళాలుంటే రక్తం కారవచ్చు. హెపటైటిస్ మాత్ర సొంతంగా ఆపకండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు, చేరకముందే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి. ఇంట్లో అందరికీ హెపటైటిస్ బీ పరీక్ష చేయించండి.

పరకాల (ప్రశ్న అడిగినవాడిని):
అక్కా, సిస్టర్, థాంక్స్. వచ్చే మంగళవారం టేస్. పత్తి బావమరిది చూస్తానన్నాడు, బాపు ఒప్పుకున్నాడు. పోర్టల్ సిరలో అడ్డు లేదట. పరీక్షలో నాది నెగెటివ్, మొదటి టీకా వేయించుకున్నా. అన్నది పాజిటివ్. బాపుకు ఇంకా చెప్పలేదు.