ఎండాకాలంలో అల్లమా? ఓ చైనా సామెత మీద డౌట్

అందరికీ నమస్తే. సామెతల మీద చర్చ నడుస్తోంది కదా అని చైనా వాళ్ళది ఒకటి పెడుతున్నా. "డొంగ్ ఛ్ లువొబొ శ్యా ఛ్ జ్యాంగ్, బూ లావ్ యీషెంగ్ ఖాయ్ యావ్‌ఫాంగ్". పాదానికి ఏడేసి అక్షరాలు, చివర జ్యాంగ్, ఫాంగ్ అని అంత్యప్రాస. చలికాలం ముల్లంగి, ఎండాకాలం అల్లం తింటే వైద్యుడితో మందు రాయించుకునే పనే ఉండదని అర్థం. ఇది రివర్స్‌లో ఉందేంటి? అల్లం వేడి, ముల్లంగి చలవ అని వాళ్ళూ ఒప్పుకుంటారు, మరి మే నెలలో అల్లం తినమంటారా? మా ఇంట్లో ఈ మాటంటే తంతారు.

— రివర్స్ ఏం కాదండి, వాళ్ళ లెక్క వేరు. ఎండాకాలంలో ఒంట్లో ఉన్న వేడి, వాళ్ళ మాటలో యాంగ్, చర్మం దగ్గరికి తేలిపోయి కడుపు లోపల చల్లబడుతుందని, దానికితోడు పుచ్చకాయలు చల్లటి నీళ్ళు పోస్తాం కాబట్టి అరుగుదల మందగిస్తుందని అంటారు. చలికాలంలో వేడంతా లోపలికి ముడుచుకుంటుంది, పైగా మాంసాలు ఎక్కువ తింటారు, అప్పుడు ముల్లంగి ఆ బరువును కిందికి దించుతుందట. పల్లెల్లో బావి నీళ్ళు ఎండాకాలం చల్లగా, చలికాలం గోరువెచ్చగా ఉన్నట్టు అనుకోండి. "వసంతం, గ్రీష్మాల్లో యాంగ్‌ని పోషించు, శరత్తు, శీతాకాలాల్లో యిన్‌ని (అంటే యాంగ్‌కి ఎదురైన చలవని) పోషించు" అని వాళ్ళ పాత వైద్యగ్రంథం హువాంగ్‌డీ నెయ్‌జింగ్‌లోనే ఉంది, సామెత ఆ దారిలో నడిచిందే.

— అయితే వేట మాంసంలో ముల్లంగి వేసి ఉడికించేది అందుకేనా! ఉత్తర చైనాలో చలికాలం బాగా తినే కూర అది. మాంసం వేడి, ముల్లంగి దానికి విరుగుడు. పీతలు చలవ అని అల్లం, వెనిగర్ కలిపి నంజుకుంటారు, అదీ ఇదే లెక్క. ఒక్కమాట, ఈ వేడీ చలవా థర్మామీటర్‌తో కొలిచేవి కావు, మనం "మామిడిపండ్లు వేడి చేశాయి" అన్నప్పటి వేడే.

— నాకు నమ్మబుద్ధి కావట్లేదు సార్. ముల్లంగి చలికాలం పంట, చవగ్గా దొరికింది తిన్నారు, ఫిలాసఫీ తర్వాత తగిలించారు.

— ముల్లంగి వరకు మీ మాట కొంత ఒప్పుకోవచ్చు, పేదోడి జిన్‌సెంగ్ (వాళ్ళు బలానికి తినే ఖరీదైన వేరు) అని దానికి పేరు కూడా. కానీ అల్లం ముదిరి తవ్వేది చలి పడే ముందు, ఎండాకాలంలో కాదు, కాబట్టి పంట లెక్కతో సామెత రెండో సగం తేలదు. ఇంకో తమాషా, జిన్‌సెంగ్ తింటూ ముల్లంగి తినొద్దంటారు, అది పెంచిన బలాన్ని ఇది దించేస్తుందని.

— భాషా గ్రూపు కాబట్టి భాష సంగతి నేను చెప్తా. మనకు అల్లం వేరే మాట, శొంఠి వేరే మాట. వాళ్ళు పచ్చి జ్యాంగ్, ఎండు జ్యాంగ్ అని ఒకే మాటకి ముందు తోక తగిలిస్తారు, కానీ వైద్యంలో రెండూ వేరే మందులే. పచ్చిది చెమట పట్టించి జలుబుని బయటికి తోస్తుంది, ఎండుది కడుపులో చలిని తీస్తుంది అంటారు. వానలో తడిసొస్తే పచ్చి అల్లం చక్రాలు ఎర్ర పంచదారతో మరిగించి వేడివేడిగా తాగి దుప్పటి కప్పుకుంటారు, అందులో శొంఠి వెయ్యరు. మన "శొంఠి లేని కషాయం లేదు" వాళ్ళకి చెప్తే ఏ జ్యాంగ్ అని అడుగుతారు 😀

— ఏడో శతాబ్దం వైద్యుడు సున్ సిమియావ్ వాంతులకి అల్లమే దివ్యౌషధం అన్నాడు. ఆయన పుస్తకంలో తిండితో వైద్యానికి ఒక భాగమే కేటాయించాడు, ముందు తిండితో నయం చెయ్యి, కాకపోతేనే మందు అనే మనిషి. చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ కూడా భోజనంలో అల్లం వదిలేవాడు కాదని, ఎక్కువ మాత్రం తినేవాడు కాదని ఆయన మాటల పుస్తకం అనలెక్ట్స్‌లో ఉంది.

— రాత్రిపూట అల్లం పాషాణంతో సమానం అని ఇంకో సామెత కూడా ఉందండోయ్, పొద్దున మూడు ముక్కలైతే జిన్‌సెంగ్ సూప్ కన్నా మేలట.

— పెసలు వాళ్ళకీ చలవే, ఎండాకాలం పెసల నీళ్ళు కాచుకుని తాగుతారు. అంటే మన పెసరట్టు, పైన అల్లం ముక్కలు, పక్కన అల్లం పచ్చడి, అదీ పొద్దున్నే టిఫిన్‌కి, వాళ్ళ రూలు ప్రకారం పాస్ అయినట్టే. పోస్ట్ పెట్టినాయన ఇంట్లో ఈ పాయింట్ చెప్పి చూడండి.