అప్‌డేట్: ఖాళీ సర్వర్‌లో సీపీయూ తినేస్తున్నది ఏమిటో దొరికింది

పోయిన వారం అడిగాను: ఆఫీసులోని పాత లినక్స్ సర్వర్‌లో ఎవరూ పని చేయకపోయినా ఒక కోర్ రాత్రీ పగలూ 80 శాతం దగ్గరే ఉంటోంది, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే టాప్ కమాండ్‌లో కేవర్కర్ అన్న పేరు తప్ప ఏమీ కనిపించడం లేదు అని. ఎవరైనా క్రిప్టో మైనింగ్ ప్రోగ్రాం ఎక్కించారేమోనని చాలా టెన్షన్ పడ్డాను. అది కాదు.

కేవర్కర్ అంటే కెర్నల్ (లినక్స్‌లోని మూల ప్రోగ్రాం) తన సొంత పనులు చేయించుకునే థ్రెడ్. దాన్ని కిల్ చేయాలని చూడటం దండగ, దానికి పని ఎవరు ఇస్తున్నారో పట్టుకోవాలి. ఏ ఫంక్షన్ సీపీయూని వాడుతోందో చూపే పెర్ఫ్ టాప్ నడిపితే పైన అన్నీ ఏసీపీఐ (పవర్, హార్డ్‌వేర్ విషయాల్లో ఫర్మ్‌వేర్‌కీ కెర్నల్‌కీ మధ్య ఉండే ఏర్పాటు) ఫంక్షన్లే. వెంటనే సిస్ కింద ఫర్మ్‌వేర్, అందులో ఏసీపీఐ, అందులో ఇంటరప్ట్స్ ఫోల్డర్ చూశాను. హార్డ్‌వేర్ నుంచి ఏసీపీఐకి వచ్చే ఒక్కో సిగ్నల్‌ను జీపీఈ అంటారు, అది ఎన్నిసార్లు వచ్చిందో దాని ఫైల్‌లో లెక్క ఉంటుంది. మిగతా జీపీఈలన్నీ సున్నా దగ్గరే ఉన్నాయి. 6ఎఫ్ ఒక్కటే లక్షల్లో ఉంది, చూస్తుండగానే పెరుగుతోంది! మదర్‌బోర్డు నుంచి ఒక సిగ్నల్ ఆగకుండా వస్తుంటే, కెర్నల్ ప్రతిసారీ లేచి దాని సంగతి చూస్తోందన్నమాట.

రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) ఆ 6ఎఫ్ ఫైల్‌లోకి డిసేబుల్ అని పంపగానే వాడకం 1 శాతం లోపుకు పడిపోయింది. రీబూట్ చేస్తే మళ్లీ మొదలవుతుంది కాబట్టి, గ్రబ్‌లో (సిస్టమ్‌ను బూట్ చేసే ప్రోగ్రాం) జీపీఈని మాస్క్ చేసే, అంటే పట్టించుకోకుండా చేసే, కెర్నల్ పారామీటర్‌కు అదే నంబర్ ఇచ్చాను.

మీ మెషిన్‌లో నంబర్ వేరే ఉండొచ్చు, ముందు లెక్క చూసుకోండి. ల్యాప్‌టాప్ అయితే ఇంకా జాగ్రత్త, మూత, బ్యాటరీ సంకేతాలు కూడా జీపీఈల ద్వారానే వస్తుంటాయి. బయోస్ అప్‌డేట్ ఈ ఆదివారం చేస్తాను. పెర్ఫ్ చూడమన్న వారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.