పాంక్రియాస్ క్యాన్సర్ నొప్పికి బ్లాక్ ఇంజెక్షన్ చేయించినవాళ్లు ఉన్నారా?

నాన్నకి పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) క్యాన్సర్. పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోతుందంటారు. వెల్లకిలా పడుకోలేరు, రాత్రంతా ఒళ్లో దిండు పెట్టుకుని, ముందుకు వంగి కూర్చుంటారు. ట్రమడాల్ పనిచేయక మార్ఫిన్ మాత్రలు నాలుగు గంటలకోసారి ఇస్తున్నాం. నొప్పి కాస్త నయమే కానీ, విరేచనం మందు వేసినా మలబద్ధకం తగ్గట్లేదు. పైగా "అలవాటైపోతుంది" అని మాత్రలు ఎగ్గొడుతున్నారు, చుట్టాలేమో వంత పాడుతున్నారు. చెప్పినట్టు వాడితే ఆ భయం అక్కర్లేదని డాక్టర్ గారే చెప్పారు, వింటేగా!

ఇప్పుడు డాక్టర్లు సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ చేద్దామంటున్నారు. నొప్పి తెలియకుండా పొట్ట వెనక నరాల దగ్గర ఇచ్చే ఆల్కహాల్ ఇంజెక్షన్ అట. మీ ఇంట్లో ఎవరికైనా చేయించారా? ఉపశమనం ఎన్నాళ్లుంది? మార్ఫిన్ తగ్గించగలిగారా? ఇంజెక్షన్ తర్వాత బీపీ పడిపోవడం, విరేచనాలు ఎంత ఇబ్బంది పెట్టాయి? హైదరాబాద్‌లో పాలియేటివ్ కేర్‌కి (నొప్పి, బాధ తగ్గించే వైద్యానికి) ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించుకున్నవాళ్లుంటే, ఏయే కాగితాలు తీసుకెళ్లాలో కూడా చెప్పండి.