పాత ఇంటి టేకు దూలాలతో బుక్ ర్యాక్: మూడడుగుల అర వంగుతుందా?

గోదారి_గట్టు:
అమలాపురం దగ్గర మా తాతగారి పెంకుటిల్లు విప్పేశారండి. మా వాటాకి నాలుగు టేకు దూలాలు, రంగు వేసిన పాత తలుపులు రెండు వచ్చాయి. వాటిని హైదరాబాద్ ఫ్లాట్‌కి తెప్పించి బుక్ ర్యాక్ చేద్దామనుకుంటున్నా, ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, మధ్యలో నిలువు చెక్క లేకుండా. నా దగ్గర డ్రిల్లింగ్ మెషిన్, చేతిరంపం, మూలమట్టం ఉన్నాయి, అంతే. ముప్పావు అంగుళం మందం కోయిస్తే ఆగుతుందా? ఇక్కడి కోత మిల్లు వాళ్లేమో పాత కర్ర ముట్టుకోం అంటున్నారు, ఎందుకో చెప్పరు. మా బావ అవన్నీ అమ్మేసి ప్లైవుడ్ కొనుక్కోమంటున్నాడు.

రంపంపొట్టు:
మేకుల భయం అండి వాళ్లకి. దూలంలో విరిగిన మేకు ఒక్కటి దాగినా మిషన్ బ్లేడు పళ్లు పోతాయి, ఆ నష్టం ముందు మీరిచ్చే కోత కూలి ఏ మూలకి? పాత స్పీకర్‌లో అయస్కాంతం ఊడదీసి, దారానికి కట్టి దూలం నాలుగు వైపులా నడిపించండి. ఎక్కడ లాగితే అక్కడ చాక్‌పీసు గీత పెట్టి ఉలితో చుట్టూ తవ్వి కటింగ్ ప్లేయర్‌తో పీకడమే. నల్లగా మరక కట్టిన చోటు ఇంకోసారి చూడండి, టేకులో ఇనుము తుప్పు పడితే అలాగే కనపడుతుంది. అప్పుడు మిల్లుకెళ్లి "మేకు తగిలితే బ్లేడు డబ్బులు నావి" అనండి, ఒప్పుకునేవాళ్లు ఒప్పుకుంటారు. ఇంకోటి, కోనసీమ తేమలో ఉన్న కర్ర అది, కోయించిన పలకల మధ్య సన్న పుల్లలు పెట్టి పేర్చి కొన్ని వారాలు మీ ఫ్లాట్‌లోనే ఉంచాకే పని మొదలుపెట్టండి, లేకపోతే ఎండాకాలానికి అతుకుల దగ్గర సందులు పడతాయి.

చెక్కపిచ్చి:
ముప్పావు అంగుళం, మూడడుగులు, నిండా పుస్తకాలు అంటే మధ్యలో కిందకి దిగడం ఖాయం. పుస్తకాల వరస అడుగుకి 10 కిలోల దాకా తూగుతుంది. అర పొడవు రెట్టింపు చేసి అదే తీరున నింపితే వంపు 16 రెట్లు అవుతుంది, మందం రెట్టింపు చేస్తే 8వ వంతుకి తగ్గుతుంది. అందుకే నేనైతే మొహమాటం లేకుండా నడిమధ్య నిలువు చెక్క పెట్టేస్తా. అది కంటికి నచ్చదంటే మాత్రం అంగుళం మందం కోయించి, ముందు అంచుకి కింద అంగుళంన్నర పట్టీ నిలువుగా ఫెవికాల్‌తో అతికించండి, ఆ పట్టీ చాలా బరువు ఆపుతుంది. అరల కొనల్లోకి నేరుగా స్క్రూలు బిగించొద్దు, కర్ర నార అడ్డంగా తెగిన కొనలో స్క్రూకి పట్టుండదు, పక్క చెక్కకి ఆనుడు పట్టీలు కొట్టి అరల్ని వాటి మీద కూర్చోబెట్టండి.

ప్లై_పక్షం:
బావగారు మరీ తప్పేం చెప్పలేదు, చేతిరంపంతో తిన్నగా కోయడం మాటలా? ప్లైవుడ్ అయితే కొన్న షాపులోనే కొలతలకి కోసిస్తారు. కాకపోతే అదే మందంలో ప్లై టేకు కంటే ఎక్కువే వంగుతుంది, కాబట్టి దూలాలు అమ్మకండి. వెనక మాత్రం 6 ఎంఎం ప్లై కొట్టండి, ర్యాక్ పక్కలకి ఊగదు.

గోదారి_గట్టు:
సరే, నిలువు చెక్కే పెడతా. తలుపుల రంగు ఎమరీ కాగితంతో గీకేయనా?

రంపంపొట్టు:
పొడిగా గీకొద్దండి, ఇంట్లో పిల్లలుంటే అసలే వద్దు. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, మన దగ్గర సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) హద్దు అమల్లోకి వచ్చిందే 2017 నవంబర్‌లో. మాస్కు పెట్టుకుని, తడి చేస్తూ వాటర్ పేపర్‌తో రుద్ది, ఆ ముద్దంతా కాగితంలో చుట్టి పారేయండి. అవిసె నూనె పూస్తే ఆ గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి, విడిగా ఆరేయండి.

చెక్కపిచ్చి:
ఆరడుగుల ర్యాక్‌ని పైన ఎల్ క్లాంపులతో గోడకి బిగించడం మర్చిపోవద్దు. మీ గోడ ఇటుకా, తేలిక బ్లాకులా ముందు చూసుకోండి, ఆ బ్లాకుల్లో మామూలు ప్లగ్గులు ఊడొస్తాయి, వాటికి వేరే యాంకర్లు అడిగి తెచ్చుకోవాలి.