అకూస్టిక్ వాయించేవాణ్ని, మనసు ఎలక్ట్రిక్ వైపు లాగుతోంది. మీకేది ఇష్టం?

ప్రశ్న:
మూడేళ్లుగా అకూస్టిక్ గిటారే వాయిస్తున్నాను. మొన్న ఫ్రెండ్ ఎలక్ట్రిక్ తీసుకుని మూడో తీగని వంచి చూస్తే ఎంత తేలిగ్గా సాగిందో, అప్పటినుంచి ధ్యాసంతా దాని మీదే. అలాగని అకూస్టిక్ పక్కన పెట్టాలంటే ప్రాణం ఒప్పుకోవట్లేదు. మీరైతే ఏది వాయిస్తారు, ఎందుకు?

జవాబు 1:
ఆ తేడా తీగల వల్ల అండి. అకూస్టిక్ లైట్ (కాస్త సన్నపాటి) తీగల సెట్‌లో అన్నిటికన్నా సన్న తీగ 0.012 అంగుళాలు, ఎలక్ట్రిక్‌కి మామూలుగా 0.009 లేదా 0.010. పైగా అకూస్టిక్‌లో మూడో తీగ మీద సాధారణంగా సన్నటి లోహపు చుట్టు ఉంటుంది, ఎలక్ట్రిక్‌లో ఎక్కువగా సాదా తీగే, అందుకే వంచగానే వంగుతుంది. అయినా నా ఓటు అకూస్టిక్‌కే. ఒళ్లో పెట్టుకుని జీ కార్డ్ మీటితే ఆ చెక్క అదురు పక్కటెముకల్లో తెలుస్తుంది చూడండి, అది నాకు ఇంకెక్కడా దొరకలేదు.

జవాబు 2:
నాది ఎలక్ట్రిక్. ఉక్కు తీగ కదిలితే దాని కింద ఉండే పికప్ అనే అయస్కాంతపు పరికరంలోని కాయిల్‌లో కరెంటు పుడుతుంది, తర్వాత ఆ శబ్దాన్ని ఎలా మలచాలన్నది మన చేతిలో పని. డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టి, గిటార్ మీది వాల్యూమ్ నాబ్ కొంచెం తగ్గించండి, గరగర పోయి స్వరం తేటపడుతుంది. కాకపోతే గెయిన్ (ఆ గరగర మోతాదు) పెంచగానే, వాయించని తీగలు కూడా మోగడం మొదలుపెడతాయి. వాటిని అరచేతి అంచుతో ఆపడం నాకు నెలలు పట్టింది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండి. ఆ నాబ్ సంగతి ఈ ఆదివారమే ఫ్రెండ్ దగ్గర చూస్తాను. అకూస్టిక్ మాత్రం ఇవ్వను.