జాక్సన్ ఎలక్ట్రోడైనమిక్స్ కోర్సును ఎలా చదవాలి?

ప్రశ్న:
నేను అమెరికాలో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. హైదరాబాదులో ఎమ్మెస్సీ చేసినప్పుడు ఈ విషయంపై గ్రిఫిత్స్ రాసిన పరిచయ పాఠ్యపుస్తకం చదివాను, మాక్స్‌వెల్ సమీకరణాల భావం నాకు స్పష్టంగానే ఉంది. ఇక్కడ మాత్రం ప్రతి వారం జాక్సన్ రాసిన ‘క్లాసికల్ ఎలక్ట్రోడైనమిక్స్’ పుస్తకంలోని లెక్కలు ఇస్తున్నారు. ఒక్కో లెక్కకు సాయంత్రమంతా పడుతోంది. గ్రీన్ ఫంక్షన్ల (ఒక బిందు ఆవేశం వల్ల కలిగే పొటెన్షియల్‌ను చెప్పే ప్రమేయాల) మధ్య అసలు భౌతికశాస్త్రం ఎక్కడుందో కనిపించడం లేదు. ఇంటర్నెట్‌లో దొరికే సాధనలను చూసి రాయడం నాకు ఇష్టం లేదు. ఈ కోర్సు పూర్తిచేసినవారు దయచేసి మార్గం చెప్పగలరు.

సమాధానం 1:
మీకు అడ్డుపడుతున్నది గణితం, అందులోనూ ఒకే ఒక పద్ధతి. రెండు, మూడు అధ్యాయాలలో ఎక్కువ భాగం, ఆవేశం లేని చోట పొటెన్షియల్ పాటించే లాప్లాస్ సమీకరణాన్ని వస్తువు ఆకారానికి తగిన నిరూపకాలలో విడదీసి, పొటెన్షియల్‌ను శ్రేణిగా రాసి, సరిహద్దు నిబంధనలతో గుణకాలను కనుక్కోవడమే. పెట్టెకు సైన్లు, గోళానికి లెజాండ్రే బహుపదులు, స్థూపానికి బెసెల్ ప్రమేయాలు వస్తాయి.

అయితే కలం పట్టేముందు జవాబు ఏ రూపంలో ఉండాలో ఆలోచించండి. ఏకరీతి విద్యుత్ క్షేత్రంలో ఆవేశం లేని వాహక గోళాన్ని ఉంచారనుకుందాం. దూరాన పొటెన్షియల్ కోణం కొసైన్‌కు అనులోమంగా ఉంటుంది కాబట్టి శ్రేణిలో ఎల్ (లెజాండ్రే బహుపది క్రమసంఖ్య) విలువ 1 ఉన్న పదం ఒక్కటే మిగులుతుంది, గోళం చేర్చేది డైపోల్ (సమాన, వ్యతిరేక ఆవేశాల జంట) పొటెన్షియల్ మాత్రమే. ధ్రువాల వద్ద క్షేత్రం మొదటిదానికి సరిగ్గా మూడు రెట్లు ఉంటుంది, గోళం చిన్నదైనా పెద్దదైనా సరే. లెక్కలో పొడవు అనదగినది వ్యాసార్థం ఒక్కటే కనుక, ఆ నిష్పత్తిలోకి అది రావడానికి వీలే లేదు. మీరు వెతుకుతున్న భౌతికశాస్త్రం ఇలాంటిచోటే ఉంది.

సమాధానం 2:
పై మాటతో ఏకీభవిస్తూ, గ్రీన్ ఫంక్షన్ల గురించి ఒక హెచ్చరిక చేర్చుతాను. ఉపరితలం మీద పొటెన్షియల్ ఇచ్చే డిరిష్లే సమస్యలో గ్రీన్ ఫంక్షన్‌ను ఉపరితలం మీద సున్నాగా తీసుకుంటాం. అదే అలవాటుతో, ఉపరితలం మీద పొటెన్షియల్ లంబ అవకలజం ఇచ్చే, మూసిన ప్రాంతానికి చెందిన నాయ్‌మన్ సమస్యలో గ్రీన్ ఫంక్షన్ లంబ అవకలజాన్ని అంతటా సున్నా అనుకోకూడదు. లోపల బిందు ఆవేశం ఉన్నందువల్ల గాస్ నియమం దానిని ఒప్పుకోదు. ఆ అవకలజాన్ని ఉపరితలమంతటా ఒకే స్థిరాంకంగా తీసుకోవడం తేలిక మార్గం. జాక్సన్ పుస్తకం మూడవ ముద్రణలో మొదటి పది అధ్యాయాలు ఎస్‌ఐ ప్రమాణాలలోనూ, సాపేక్షతా సిద్ధాంతంతో మొదలయ్యే పదకొండవ అధ్యాయం నుంచి గాసియన్ ప్రమాణాలలోనూ ఉంటాయి కనుక, అక్కడికి చేరేముందే మార్పిడి పట్టికను దగ్గర ఉంచుకోండి.

సమాధానం 3:
ఒంటరిగా చదవకండి. తోటి విద్యార్థులతో బోర్డు దగ్గర చర్చించి, ఆ తరువాత ఎవరి సాధనను వారు విడిగా రాసుకోవడం న్యాయమైన పద్ధతి, అయితే మీ కోర్సు నియమాలు దానిని అనుమతిస్తున్నాయో లేదో ముందే చూసుకోండి. ఆచార్యుల దగ్గరకు వెళ్ళినప్పుడు ఆగిపోయిన సమీకరణాన్ని చూపించి అడిగితే సాయం త్వరగా అందుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మొదటి సమాధానంలోని పద్ధతిని డైఎలెక్ట్రిక్ (విద్యుద్రోధక) గోళానికి వర్తింపజేశాను. అక్కడా ఒక్క పదమే మిగిలింది, గోళం లోపలి క్షేత్రం ఏకరీతిగానే వచ్చింది: బయటి క్షేత్రాన్ని మూడుతో గుణించి, సాపేక్ష పెర్మిటివిటీకి (శూన్యంతో పోలిస్తే పదార్థం విద్యుత్ క్షేత్రాన్ని ఎంత తగ్గిస్తుందో చెప్పే సంఖ్యకు) రెండు కలిపి భాగించినంత. పెర్మిటివిటీని 1 చేస్తే బయటి క్షేత్రమే మిగులుతోంది, అనంతం చేస్తే సున్నా అయి వాహక గోళం జవాబుతో కలుస్తోంది.